పిడుదులు: వానివలన పశువులకు వచ్చు జ్వరములు

పాడికొఱకు సంఘమునుండి అప్పుతీసి కొన్న సంకరజాతి యావు మొదటి యేడాదిలోనే చచ్చిపోవుట మన పల్లెలలో అరుదు కాదు. ఆవు పోయినను వాయిదాలు నిలువవు. భీమా చేయించినవారికి కొంత చేతికి వచ్చును. చేయింపనివారు లేని యావునకు నెలనెలయు చెల్లించుచుందురు. ఎట్లు చచ్చినదని యడిగినచో "జ్వరము వచ్చినది, నాలుగు దినములు మేత ముట్టలేదు, పోయినది" అని చెప్పుదురు. ఆ యావు గజ్జలలోను, పొదుగుచుట్టును, చెవులలోను పిడుదు లుండెనా యని యడిగినచో "పిడుదులు లేని పశు వెక్కడ నున్నది?" అని మారుప్రశ్న వేయుదురు. ఈ రెండు మాటలకును గల సంబంధమును వివరించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

పిడుదులకు మందు చల్లుచున్న రైతులు లేకపోలేదు. కాని వారు పశువుమీద చల్లి యూరకుందురు. పిడుదు పశువుమీద నుండు కాలము స్వల్పము. తక్కిన కాలమంతయు అది కొట్టపు గోడలలోను, గాడి క్రిందను, గడ్డిలోను గడపును. ఈ సంగతి తెలియనంతవఱకు మందునకు పెట్టిన డబ్బు నీళ్లపాలే యగును.

పిడుదును కొన్ని తావులలో గోమారి యనియు పిలుతురు. ఇది ఈగ, దోమలవంటి పురుగు కాదు. సాలెపురుగునకును తేలునకును చుట్టము. పురుగులకు ఆరు కాళ్లు; ఎదిగిన పిడుదునకు ఎనిమిది. గ్రుడ్డునుండి అప్పుడే వెలువడిన పిల్లకు మాత్రము ఆరే కాళ్లుండును. అది గసగసాల గింజకంటె పెద్దది కాదు గనుక మన కంట పడదు. ఆ పిల్ల యొకసారి రక్తము త్రాగి కుబుసము విడిచి, ఎనిమిది కాళ్ల నడిమి పిడుదగును. అది మరల త్రాగి మరల కుబుసము విడిచి పెద్దదగును. ఆడుపిడుదు కడుపునిండ త్రాగి ఉబ్బి, నేల రాలి, చాటుచూచుకొని రెండు మూడువేల గ్రుడ్లు పెట్టి చచ్చును. ఉబ్బిన పిడుదును మనవా రాముదపు గింజతో పోల్చుదురు. ఈ పోలిక మనకే తోచినది కాదు. ప్రాచీన రోమకులు పిడుదునకును ఆముదమునకును రిసినస్ అను నొకే పేరు పెట్టిరి. వృక్షశాస్త్రజ్ఞులు నేటికిని ఆముదపు చెట్టును ఆ పేరుతోనే వ్యవహరించుచున్నారు.

తెలుగు జిల్లాలలో ఆవులమీదను గేదెలమీదను కనబడు పిడుదులు పలు రకములు. వానిలో రెండింటిని రైతు గుర్తింపగలిగిన చాలును. ఏలయన ఈ రెండింటి జీవితక్రమము వేఱు, ఇవి తెచ్చు వ్యాధులు వేఱు, వీనిని వెదకవలసిన చోట్లును వేఱు.

మొదటిది బూఫిలస్ అనునది. శాస్త్రజ్ఞులు దీనిని రిపిసెఫాలస్ అను జాతిలో చేర్చిరి గాని పశువైద్యులలో పాతపేరే యెక్కువ వాడుక. ఇది చిన్నది, కాళ్లు పొట్టివి, పాలిపోయిన రంగువి. నిండ త్రాగిన ఆడుది నీలిబూడిద రంగున నుండును. గంగడోలు, మెడ, డొక్కలు, పొట్టక్రింది భాగము దీనికి ఇష్టమైన తావులు. దీని పిల్ల గడ్డిపఱక కొనకు ప్రాకి, గుంపుగా కాచుకొనియుండి, మేయవచ్చిన పశువు ముట్టె తగులగానే యెక్కును. ఎక్కినది మరల దిగదు. రెండు కుబుసములును ఆ పశువుమీదనే విడిచి, ఇంచుమించు మూడు వారములకు గ్రుడ్లతో నిండిన ఆడుదై రాలిపడును. వేడి, తేమ కలిసియున్న దినములలో ఆ గ్రుడ్లు మూడు నాలుగు వారములలో పొదుగబడును. పశువు దొరకనిచో పిల్లలు చల్లని గడ్డి మొదళ్లలో మూడు నాలుగు మాసములవఱకు ఆకలితో కాచుకొని యుండగలవు.

రెండవది హయలోమా. ఇది పెద్దది, గోధుమవన్నెది. కాళ్లు పొడవైనవి, వానిమీద కడియములు తొడిగినట్లు తెల్లని పట్టీలుండును. ఈ పట్టీలే గుర్తు. పొదుగుచుట్టు, గజ్జలు, తోకమొదలు, చెవులు దీని స్థానములు. ఇది మూడు మాఱులు పశువు నెక్కి మూడు మాఱులు దిగును. పిల్ల యెక్కి కొన్ని దినములు త్రాగి రాలును. గోడనెఱ్ఱెలో దాగి కుబుసము విడుచును. నడిమిది మరల నెక్కి త్రాగి రాలును. పెద్దది కడపటిసారి యెక్కును. ఆడుది పెండ్లియైన పిదప కడుపు నిండ త్రాగి, క్రిందికి వచ్చి, గోడలో గ్రుడ్లు పెట్టును. మూడుమాఱులును కలిపి లెక్కించినను అది పశువుమీద నుండునది సుమారు ఇరువది దినములే. తక్కిన మాసము లన్నియు పగుళ్లలోనే. పెద్దపిడుదు ఆహారము లేకయే మాసములతరబడి బ్రదుకగలదు. ఖాళీగా విడిచిన పాత కొట్టమున కొత్త యావును కట్టిన వారమునకే దాని పొదుగుచుట్టు పిడుదులు పట్టుటకు కారణ మిదియే.

పిడుదువలన జ్వరము వచ్చునని మొదట ఋజువైనది అమెరికాలో. టెక్సాసు మొదలగు దక్షిణ ప్రాంతములనుండి ఉత్తరమునకు తోలుకొనివచ్చిన పశువులు చూపునకు ఆరోగ్యముగానే యుండెడివి. కాని అవి నడచిన బీళ్లలో పిమ్మట మేసిన ఉత్తరపు పశువులు ఎఱ్ఱని మూత్రము పోయుచు చచ్చుచుండెడివి. పిడుదులే కారణమని పశువుల కాపరులు చెప్పుచుండగా చదువుకొన్నవారు నవ్వుచుండిరి. థియొబాల్డు స్మిత్తు, కిల్‌బోర్ను అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. దక్షిణపు పశువులనుండి పిడుదుల నన్నింటిని ఏరివేసి ఉత్తరపు పశువులతో కలిపికట్టగా ఏమియు కాలేదు. దక్షిణపు పశువు లొక్కటియు లేకుండ పిడుదులను మాత్రము బీడులో చల్లి ఉత్తరపు పశువులను విడువగా జ్వరము వచ్చినది. ఈ సంగతి 1893లో ప్రకటింపబడెను. దీనికి నాలుగేండ్ల పిమ్మట, 1897 ఆగష్టులో, రోనాల్డు రాసు మన సికిందరాబాదులో దోమకడుపున మలేరియా క్రిములను కనుగొనెను. అనగా మనుష్యుల చలిజ్వరపు గుట్టుకంటె ముందు పశువుల జ్వరపు గుట్టే బయటపడినది. కాపరుల మాట నిజమైనది.

ఆ ఎఱ్ఱమూత్రపు జ్వరమునకు నేడు బబీసియా వ్యాధి యని పేరు. మన దేశమున దీనిని వ్యాపింపజేయునది మొదట చెప్పిన చిన్నపిడుదు. బబీసియా యను సూక్ష్మజీవి పశువు నెత్తురులోని ఎఱ్ఱకణములలో చొరబడి వానిని పగులగొట్టును. పగిలిన కణముల రంగు మూత్రములో దిగును. జ్వరము 105 మొదలు 107 డిగ్రీల ఫారన్‌హీటువఱకు పోవును. పశువు నెమరు మానును. ఊపిరి వేగముగా తీయును. కనురెప్ప లోపలిపొర మొదట తెల్లబడి పిదప పచ్చబడును. మూత్రము కాఫీ కషాయమువలె నుండును. చూలుతో నున్నది ఈచుకొనిపోవుటయు కలదు. చికిత్స లేనిచో కొలది దినములలో ప్రాణము పోవును. వైద్యుడు సకాలమున వచ్చి డిమినజీన్ అను మందును సూదిద్వారా కండలో నిచ్చినచో చాలవఱకు బ్రదుకును.

ఇక్కడ నొక హెచ్చరిక అవసరము. ఈనిన రెండు మూడు వారములకు పాడిగేదెలు ఎఱ్ఱమూత్రము పోయుట మఱియొక కారణముచేతను వచ్చును. అది భాస్వరపు లోటు. దానిలో సాధారణముగా జ్వర ముండదు. రెండింటికిని చికిత్స పూర్తిగా వేఱు. కావున పాడిపశువులున్న యింట జ్వరము చూచు గాజుగొట్ట మొకటి యుండుట మంచిది. వైద్యునికి కబురుపెట్టునపుడు "మూత్రము ఎఱ్ఱగా నున్నది" అని మాత్రమేగాక "ఉష్ణము ఇంత" అని కూడ చెప్పగలిగినచో ఆయన తగిన మందుతోనే బయలుదేరును.

బబీసియా విషయమున రెండు వింతలు గలవు. మొదటిది: ఈ సూక్ష్మజీవి తల్లిపిడుదునుండి గ్రుడ్లలోనికి దిగును. రోగపుపశువునుండి రాలిన యొక్క ఆడుపిడుదు వేయి పిల్లలను పెట్టినచో, వానిలో ననేకము పుట్టుకతోనే వ్యాధిని మోసికొని గడ్డిమీదికి వచ్చును. రెండవది: దూడలకు ఈ వ్యాధి అంతగా హాని చేయదు. పుట్టిన మొదటి తొమ్మిది మాసములలో సోకిన దూడ కొంచెము నలగి కోలుకొని, ఆ పిదప దానిని తట్టుకొను శక్తి సంపాదించును. పిడుదులు లేని తావున పెరిగి, పెద్దదైన పిదప పిడుదులున్న యూరికి వచ్చిన పశువే యెక్కువగా చచ్చును. దూరపు సంతనుండి కొని తెచ్చిన మంచి పాడియావు మన యూరిలో నెల తిరుగకుండ పోవుటకు నరదృష్టి కారణము కాదు.

రెండవదగు పెద్దపిడుదు తెచ్చునది థైలేరియా వ్యాధి. సంకరజాతి పశువులున్న రైతునకు తక్కిన వ్యాధులన్నింటికంటె దీని సంగతియే ముఖ్యముగా తెలియవలెను. వేసవి కడపటను, వానలు మొదలైన మాసములలోను ఇది హెచ్చు. జెర్సీ, హోల్‌స్టీను రక్తము గల ఆవులును దూడలును దీనికి తేలికగా లోబడును. గేదెలలో తఱచు పైకి కనబడక యుండును.

ఈ సూక్ష్మజీవి పిడుదు ఉమ్మినుండి పశువులో ప్రవేశించి, మొదట తెల్లకణములలో పెరుగును. అందుచేత పశువు శరీరమందలి బిళ్ళలు వాచును. భుజమునకు ముందుభాగమున, మెడ చివర, చర్మముక్రింద చేతికి తగులు బిళ్ళ యొకటి కలదు. ఆరోగ్యముగా నున్నప్పుడు దానిని వెదకి పట్టుకొనవలెను. థైలేరియా సోకినపుడు అది నిమ్మకాయంత, ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్దదిగా ఉబ్బి కంటికే కనబడును. చెవిక్రిందను, తొడముందును గల బిళ్ళలును అట్లే యగును. జ్వరము 104 మొదలు 107 డిగ్రీలవఱకు నుండి తగ్గదు. కన్నులనుండియు ముక్కునుండియు నీరు కారును. దగ్గు వచ్చును. పాలు ఒక్కసారిగా పడిపోవును. కొన్ని దినములకు సూక్ష్మజీవి ఎఱ్ఱకణములలోనికి ప్రవేశించి రక్తక్షీణతయు, కామెర్లును కలుగును. పేడ నల్లబడి జిగటతోను రక్తముతోను పడును. అప్పటికి పశువు లేవలేని స్థితికి వచ్చును. చిన్నదూడలలో కనుగ్రుడ్లు బయటికి పొడుచుకొనివచ్చుటయు కలదు.

రైతులు సామాన్యముగా చేయున దేమనగా, మొదటి రెండు మూడు దినములు చేతికి దొరికిన జ్వరపు మాత్రలో, సూదియో వేయించి చూచెదరు. జ్వరము ఒక పూట తగ్గినట్లు కనబడి మరల హెచ్చును. పేడలో రక్తము కనబడిన పిదప వైద్యునికొఱకు పరుగెత్తుదురు. ఈ వ్యాధికి బుపార్వక్వోన్ అను మంచి మందు కలదు; పశువు బరువులో కిలో యొక్కింటికి రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున మెడకండలో నిత్తురు. అది సూక్ష్మజీవిని చంపును గాని పోయిన నెత్తురును మరల తేజాలదు. అందుచే అది మొదటి దినములలో పనిచేసినట్లు కడపటి దినములలో చేయదు. మందు వెల యెక్కువని వెనుదీయువారు ఆవు వెలతో పోల్చి చూచుకొనవలెను. బిళ్ళ వాచి, జ్వరము తగ్గకయున్న సంకరజాతి పశువునకు చెవికొన నెత్తురును, బిళ్ళలోని రసమును గాజుపలకమీద తీసి పరీక్షింపుడని వైద్యుని కోరుట మంచిది. బిళ్ళరసములోని తెల్లకణములయందు ఈ సూక్ష్మజీవి నీలపు చుక్కలుగా కనబడును. వానిని కాక్ పండితుని పేరిట కాక్ నీలికణము లందురు.

రైతు తెలిసికొనవలసిన మఱియొక సంగతి యున్నది. హయలోమా కఱచినంతనే వ్యాధి యెక్కదు. దాని ఉమ్మిగ్రంథులలో నిద్రించుచున్న సూక్ష్మజీవి పిడుదు నెత్తురు త్రాగుట మొదలుపెట్టిన పిదపనే పక్వమగును. అందులకు రెండు మూడు దినములు పట్టును. ఆ లోపల పిడుదును తీసివేసినచో వ్యాధి చాలవఱకు తప్పును. పాలు పితుకునపుడు పొదుగు చుట్టును, గజ్జలలోను, తోకక్రిందను చేయి పోనిచ్చి చూచు ఆడువారు తమకు తెలియకయే ఆవును కాపాడుచున్నారు. ఈ పని ప్రతిదినము జరుగవలెను. వారమున కొకసారి చేసినచో ఫల మంతగా లేదు.

థైలేరియా గ్రుడ్లద్వారా దిగదు. పిల్లగానో నడిమిదిగానో ఉన్నపుడు రోగపుపశువు నెత్తురు త్రాగిన పిడుదే, కుబుసము విడిచిన పిమ్మట, మఱియొక పశువునకు దానిని అంటించును. అయితే రోగపుపశు వనగా పడియున్న పశువు మాత్రమే కాదు. ఒకసారి కోలుకొన్న పశువు నెత్తురులో ఈ సూక్ష్మజీవి చాలకాలము నిలిచియుండును. మన నాటు ఎద్దులలో ననేకము ఏ బాధయు లేకయే దీనిని మోయుచుండును. ఒకే కొట్టమున నాటు ఎద్దును సంకరజాతి యావును కట్టినచో, ఎద్దునుండి రాలిన పిడుదు గోడలో కుబుసము విడిచి ఆవు నెక్కును. ఎద్దు నిక్షేపముగా నుండును, ఆవు పోవును. కావున ఆవునకు మాత్రము మందు చల్లి ఎద్దును విడుచుట తగదు.

ఈ వ్యాధికి టీకాయును కలదు. హైదరాబాదునందలి సంస్థ యొకటి దీనిని తయారుచేసినది. రెండు మాసములు దాటిన సంకరజాతి దూడలకును పశువులకును వేయుదురు. నిండుచూలు పశువులకు వేయరు. దీనిని ద్రవనత్రజనిలో మాత్రమే నిలువ చేయవలెను గనుక ఒక్కొక్క రైతు తెప్పించుకొనుట సాధ్యము కాదు. ఎద్దుబీజమును నిలువచేయు ద్రవనత్రజని పాత్రలు గల పాలసంఘములు పశువైద్యునితో మాటలాడి యూరికంతయు నొకసారిగా ఏర్పాటు చేయవచ్చును.

అనాప్లాస్మా యను మూడవ జ్వరమును గూర్చి నాలుగు మాటలు చాలును. దీనిలోను రక్తక్షీణత, కామెర్లు, మలబద్ధము కలుగును గాని మూత్రము ఎఱ్ఱబడదు. పిడుదులేగాక కఱచు ఈగలును, ఒకే సూదితో పలు పశువులను పొడుచుటయు దీనిని వ్యాపింపజేయును. టీకాలు వేయువారిని పశువున కొక సూది వాడుమని గట్టిగా అడుగుటకు సభ్యులు సంకోచింపరాదు. టెట్రాసైక్లీన్ జాతి మందులతో ఇది నయమగును.

మన నాటు పశువులు ఈ బాధలను తట్టుకొనుట యాదృచ్ఛికము కాదు. వేలయేండ్లుగా పిడుదులతో కలిసి బ్రదికిన జాతులగుటచే వాని చర్మము కఱచిన పిడుదును కుదురుగా త్రాగనీయదు. ఎక్కిన పిల్లలలో కడకు నిండునవి బహు స్వల్పము. ఈ గుణము నెఱిగియే బ్రెజిలు దేశస్థులు పందొమ్మిదవ శతాబ్దమునుండి మన ఒంగోలు జాతిని ఓడలమీద తీసికొనిపోయి పెంచిరి. అక్కడ దానిని నెలోర్ అని పిలుతురు. మన నెల్లూరి పేరే అది. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో ఆ జాతిదే అగ్రస్థానము. పాలకొఱకు మనము విదేశపు రక్తమును తెచ్చుకొంటిమి. ఆ రక్తముతో పాలు వచ్చెను గాని పిడుదును తట్టు చర్మము తగ్గెను. సంకరజాతిని వలదనుట ఈ వ్యాసకర్త యభిప్రాయము కాదు. ఆ ఆవునకు నాటుపశువునకు చేసిన పోషణయే చాలుననుకొనుట మాత్రము పొరపాటు.

ఇక నివారణ. పిచికారి చేయుటకు పశువులకొఱకే తయారైన మందులను వాడవలెను. ప్రత్తికిని మిరపకును కొట్టగా మిగిలిన మందును పశువులమీద చల్లుట కొన్ని యూళ్లలో నున్నది. అది ప్రాణాంతకము. పశువు నోట చొంగ కార్చుచు, వణకుచు, కనుపాపలు సూదిమొనలంతగా ముడుచుకొని గంటలలో చచ్చును. చల్లిన మనిషికిని ముప్పే. కిరసనాయిలు పూయుట చర్మమును కాల్చును. వేపనూనె వాడువారు వాడవచ్చును, కీడు లేదు. కాని పిడుదులు విపరీతముగా నున్నపుడు దానినొక్కదానినే నమ్మరాదు.

అమిట్రాజ్ 12.5 శాతపు మందును లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున ఆవులకును గేదెలకును వాడుదురు, గుఱ్ఱములకు వాడరాదు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులకు సీసామీద వ్రాసిన కొలతనే పాటింపవలెను. కొలత తగ్గించి పొదుపు చేయుట అన్నింటికంటె చెడ్డ పొదుపు. పలుచని మందునకు బలహీనమైన పిడుదులు చచ్చి బలమైనవి మిగిలి, వాని సంతతియే కొట్టమును నింపును. డెల్టామెత్రిన్‌నకు లొంగని పిడుదులు మన దేశమున పలు రాష్ట్రములలో ఇప్పటికే కనబడినవి. ఒక మందు పనిచేయనపుడు సైపర్‌మెత్రిన్ మాని డెల్టామెత్రిన్ కొన్నచో మార్పు లేదు. అవి రెండును ఒకే కుటుంబమువి. అమిట్రాజ్ వేఱు కుటుంబమునకు చెందినది. ఐవర్‌మెక్టిన్ సూది పిడుదులకు పనిచేయును గాని పాలలో దిగును గనుక పాలిచ్చు పశువులకు వేయింపరాదు.

చల్లునపుడు ఎండవేళ మానవలెను. పశువునకు ముందుగా నీరు త్రాగింపవలెను. పెద్దపశువు నిలువెల్ల తడియుటకు నాలుగైదు లీటర్ల ద్రావణము కావలెను. ఒక లీటరుతో వీపు తడిపి విడిచినచో, పిడుదులుండునది వీపున కాదు. కన్నులకు తగులకుండ గుడ్డతో చెవులలోపల పూయవలెను. తోక యెత్తి, గజ్జలు తెఱచి, గంగడోలు మడతలు విప్పి తడుపవలెను. ఆఱువఱకు పశువు తన్ను తాను నాకుకొనకుండ చూడవలెను. చల్లువాడు గాలికి ఎదురుగా నిలువరాదు.

అదే దినమున కొట్టమునకును మందు వేయవలెను. ఇది మఱచిన చల్లకము సగము పనియైన కాదు. పాతగడ్డిని, గాడిక్రింది చెత్తను ఊడ్చి కాల్చవలెను. గోడలకు మనిషి యెత్తువఱకు, పగుళ్లలోనికి దిగునట్లు పిచికారి చేసి, ఆఱిన పిదప పగుళ్లను మట్టితోనో సున్నపు గచ్చుతోనో పూడ్చి వెల్ల వేయవలెను. పూతలేని ఇటుకగోడయు, పేర్చిన రాతిగోడయు పిడుదులకు మంచి కాపురములు. పేడకుప్పను కొట్టపు గోడకు ఆనించి వేయరాదు. ఈ యంతయు రెండు వారముల కొకసారి చొప్పున మూడు మాఱులు చేయవలెను. చిన్నపిడుదు పశువుమీద మూడువారము లుండునని పైన చెప్పితిమి గదా. రెండు వారములకే మరల చల్లినచో, మొదటిమాఱు తప్పించుకొన్న పిల్లలును, తర్వాత నెక్కినవియు నిండి రాలకమునుపే చచ్చును. నెలకొకసారి చల్లువారి పశువులనుండి మధ్యకాలమున గ్రుడ్లపిడుదులు రాలుచునే యుండును.

ఒక్కడు చేసిన ఫలము తక్కువ. పొరుగువాని పశువు అదే దారిని నడచి, అదే బీడున మేయును. అమెరికాలో 1906లో ఆరంభించి, ప్రతి రెండువారములకు ప్రతి పశువును మందునీటి తొట్టిలో ముంచుచు, 1943 నాటికి మెక్సికో సరిహద్దున నొక సన్నని పట్టీ తప్ప దేశమంతటను ఆ పిడుదును తొలగించిరి. మొదట కొందఱు రైతులు కోపించి ఆ తొట్టెలను మందుగుండుతో పేల్చివేసిరి కూడ. మన దేశమున ఉమ్మడి బీళ్లును అడవిమేతయు నుండగా అంత పని కాదు. కాని యొక యూరి సంఘము మందును టోకున కొని, పిచికారులను తెప్పించి, ఒక దినము నిర్ణయించి, ఊరి పశువులన్నింటికి చల్లించుట కష్టము కాదు. ఆ దినమున దేవునికి విడిచిన ఆబోతును మాత్రము మఱవరాదు. దానికి యజమాని లేడు గనుక ఎవ్వరును దాని జోలికి పోరు. అది ప్రతి యింటికిని పిడుదులను పంచుచుండును.

గొఱ్ఱెలకును మేకలకును వేఱు పిడుదులు, వేఱు వ్యాధులు కలవు. శ్రీకాకుళము జిల్లాకు ఆనుకొనియున్న గంజాము జిల్లాలో, భంజనగరమువద్ద 1954లో మేకలనుండి తీసిన పిడుదులలో నొక వైరసు కనబడెను. దానికి గంజాము వైరసని పేరిడిరి. ఆఫ్రికాలో గొఱ్ఱెలను చంపు నైరోబీ వ్యాధి వైరసును ఇదియు నొకటేయని తరువాత తెలిసినది. కోళ్లకు పట్టు పిడుదు పగలు గూటి పగుళ్లలో దాగి రాత్రులు మాత్రమే వచ్చి కఱచును. ఆహారము లేకయే రెండేండ్లకు పైగా బ్రదుకును. కోళ్లు ఆకుపచ్చని రెట్ట వేయుచు, తలవాల్చి, జ్వరముతో పడిపోవుచున్నచో రాత్రివేళ దీపముతో గూటిని చూడవలెను. కోళ్లు కొట్టములో పశువుల పిడుదుల నేరి తినుట నిజమే. కాని వాని గూటిని కొట్టములోపల కట్టరాదు.

మనుష్యుల సంగతియు చెప్పవలసి యున్నది. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు చచ్చుటయు, అడవికి పోయిన జనులకు తీవ్రజ్వరము వచ్చుటయు జరిగెను. దానికి కారణము హిమోఫిసాలిస్ అను అడవి పిడుదు. మనకు మఱింత దగ్గఱిది హయలోమా. ఆ జాతి పిడుదులు మోయు క్రిమియా-కాంగో యను రక్తస్రావ జ్వరము మన దేశమున మొదట 2011 జనవరిలో గుజరాతున బయటపడి, రోగికి చికిత్స చేసిన వైద్యునికిని దాదికిని అంటి, మువ్వురి ప్రాణములు తీసెను. ఇది పశువులకు జ్వరము తేదు. పశువు పైకి బాగుగనే యుండును. అందుచే పిడుదులను వ్రేళ్లగోళ్ల నడుమ నొక్కి చిదుముట, పండ్లతో కొఱుకుట, ఆ చేతులతోనే పాలు పితుకుట మానవలెను. చేతికి తొడుగో గుడ్డయో చుట్టుకొని, పిడుదు నోటిదగ్గఱ పట్టి తిన్నగా లాగి, ఉప్పునీళ్లలోనో సబ్బునీళ్లలోనో కాక కిరసనాయిలు పోసిన డబ్బాలో వేయవలెను. వట్టి నీటిలో అది చావదు. పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. పిడుదు కఱచిన వారమునకో పదిదినములకో జ్వరము వచ్చినచో, ఆ సంగతిని డాక్టరుతో ముందుగా చెప్పవలెను.

కడపట క్రొత్తగా కొన్న పశువును గూర్చి. సంతనుండి తెచ్చిన దినముననే దానిని మందలో కలుపరాదు. కొట్టమునకు దూరముగా చెట్టుక్రింద కట్టి, మొదటిదినమున నొకసారియు, రెండు వారములకు మఱియొకసారియు మందు చల్లవలెను. ప్రతిదినము రెండుపూటల ఉష్ణము చూచి కాగితముమీద వ్రాయవలెను. పిడుదు కఱచిన రెండు మూడు వారములలో ఈ జ్వరములు పైకి వచ్చును గనుక మూడువారములు ఈ లెక్క వ్రాయుట అవసరము. 103 డిగ్రీలు దాటి మఱునాటికిని తగ్గనిచో ఆ కాగితముతో పశువైద్యశాలకు పోవలెను.